బాపు షెడ్డుకి నిలువు చెక్కల గోడ: ఫస్ట్ టైమ్ ఎందుకు ఫెయిలైంది, సెకండ్ టైమ్ ఏం మార్చాం

పోయిన మూడు ఎపిసోడ్ల నుంచి కామెంట్లలో ఒకటే ప్రశ్న. "అన్నా, నీ వెనకాల ఆ చెక్క గోడ ఏంది? రిసార్టా?" అని. రిసార్ట్ కాదు. హసన్‌పర్తి దగ్గర మా ఊరు, మా ఇంటి వెనకాల మా బాపు మోటార్ వైండింగ్ షెడ్డు అది. రేకుల షెడ్డే. పడమటి గోడకి బయటి నుంచి నిలువుగా చెక్కలు కొట్టాం. ఇప్పుడు మీరు చూస్తున్నది రెండో గోడ. మొదటి గోడ ఏమైందో చెప్పకుండా దీని గురించి చెప్తే అబద్ధం చెప్పినట్టే, అందుకే అక్కడి నుంచే మొదలుపెడతా.

ముందు అసలు చెక్క ఎందుకు అనేది. వరంగల్ ఎండాకాలం మీకు నేను చెప్పాల్సిన పని లేదు, మేలో 43, 44 డిగ్రీలు మామూలే. మా బాపుకి గిరాకీ ఉండేదే అప్పుడు. యాసంగి పంట చివరికొచ్చే సరికి భూమిలో నీళ్లు కిందికి పోతాయి, బోరు మోటార్లు ఆగకుండా తిరిగి తిరిగి కాలిపోతాయి. రైతు మోటార్ పట్టుకొచ్చి గుమ్మంలో కూర్చుంటాడు, "రేపటికల్లా కావాలె, పొలం ఎండుతాంది" అంటాడు. ఆయనకి మధ్యాహ్నం పడుకొని సాయంత్రం చేస్తా అని చెప్పలేం. అట్లాంటి ఒక మధ్యాహ్నం, 2023 మేలో, బాపు రాగి తీగ చుడుతూ చుడుతూ స్టూల్ మీద నుంచి పక్కకి ఒరిగిపోయాడు. వడదెబ్బ. రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. అప్పుడు నేను హైదరాబాద్‌లో ఏసీ ఆఫీసులో స్వెటర్ వేసుకొని కూర్చున్నా. ఆ మాట అమ్మకి ఇప్పటిదాకా చెప్పలేదు.

ఊరొచ్చి మధ్యాహ్నం మూడింటికి షెడ్డులోకి పోయి, లేజర్ థర్మామీటర్‌తో పడమటి రేకుని లోపలి వైపు చూశా. 59 డిగ్రీలు. బయట గాలి 43. అంటే మా బాపు ఆ రోజుల్లో ఒక పెనం పక్కన కూర్చొని పని చేస్తున్నాడన్నమాట. ఫ్యాన్ పెడితే వేడి గాలి మొహాన కొడుతుంది, అంతే.

ఇగ నేను బీటెక్ కదా. ఆన్‌లైన్‌లో అమెరికా వాళ్ల వీడియోలు ఒక వారం చూశా. వెడల్పు చెక్కలు నిలువుగా, సందుల మీద సన్న పట్టీలు. వాళ్ల పొలాల్లో కొట్టాలన్నీ అట్లనే ఉంటాయి. చూడ్డానికి మస్తుగా ఉంది. రేకు మీద ఎండ పడకుండా ముందు చెక్క అడ్డం పెడితే సరిపోతుంది కదా అనుకున్నా. ఆ లాజిక్ కరెక్టే, నా పనే తప్పు.

కట్టెల అడితికి పోయి మామిడి చెక్క తీసుకున్నా, ఎనిమిది అంగుళాల వెడల్పు. చవక కాబట్టి. మా ఊరి వడ్ల కాక వచ్చి చెక్క మీద చెయ్యి పెట్టి, "ఇది ఇంకా పచ్చిగుంది కొడుకా, ఒక్క ఎండాకాలం ఆరనియ్యి" అన్నాడు. నేను వినలేదు. పైన ముట్టుకుంటే పొడిగానే ఉంది కదా అన్నా. ఆయన ఇంకేం మాట్లాడలేదు, బీడీ ముట్టించుకొని పోయాడు. జూన్ మొదటి వారంలో నేనూ మా తమ్ముడూ కలిసి కొట్టేశాం. రేకు మీద ముందు నీలం టార్పాలిన్ పరిచాం, ఎందుకంటే ఆ వీడియోల్లో గోడ మీద ఏదో తెల్ల షీట్ పరిచారు. దాని మీద అడ్డంగా రీపర్లు, రీపర్ల మీద చెక్కలు, ఒకదానికొకటి వెంట్రుక సందు లేకుండా. ప్రతి చెక్కకి రెండు అంచుల్లో రెండు మొలలు, పైనుంచి కింది దాకా. కింద నేలకి ఆనించేశాం, ఎలుకలు రావద్దని. మొత్తం 31 వేలు అయింది. అందులో అమ్మ చిట్టీ డబ్బులు కూడా ఉన్నాయి.

జూలై వచ్చింది. 2023 జూలై 27 మన దిక్కు ఎవరూ మర్చిపోరు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, భూపాలపల్లి వైపు మోరంచపల్లి ఊరు మొత్తం నీళ్లలో మునిగింది. మా దగ్గర అంత లేదు గానీ, గోడ మాత్రం నాలుగు రోజులు ఆగకుండా తడిసింది. తగ్గాక చూస్తే చెక్కలు ఉబ్బి ఒకదాన్నొకటి తోసుకొని మధ్యలో కడుపులాగా ముందుకొచ్చాయి. కొన్ని దోనెలాగా వంగిపోయాయి. సెప్టెంబర్‌లో ఒక చెక్క పీకి చూస్తే వెనకాల టార్పాలిన్ మీద నీళ్లు చెమటలాగా ఉన్నాయి, చెక్క వెనక్కి మొత్తం నల్లగా బూజు. కింది అంచుల నుంచి చెదలు మట్టి దారులు కట్టుకొని పైకి ఎక్కుతున్నాయి. ఇగ చలికాలంలో ఆరేటప్పుడు టప్ టప్ మని సౌండ్. ప్రతి చెక్కా రెండు మొలల మధ్య నిలువుగా పగిలింది. డిసెంబర్‌లో మొత్తం పీకి పొయ్యిలో పెట్టాం. అమ్మ ఏమీ అనలేదు. నీళ్లు కాగబెట్టుకుంటూ "మంచిగ మండుతున్నయి రా" అంది, అంతే.

ఇప్పుడు ఎందుకు అట్లయిందో చెప్తా. ఇది అర్థమైతే మిగతాదంతా ఈజీ.

చెక్క చచ్చిపోయిన చెట్టే గానీ కదలడం మాత్రం ఆపదు. గాలిలో తేమ పెరిగితే పీల్చుకొని ఉబ్బుతుంది, తగ్గితే వదిలేసి ముడుచుకుంటుంది. పొడుగులో దాదాపు ఏమీ మారదు, మారేదంతా వెడల్పులోనే. మన దగ్గర మే మధ్యాహ్నానికీ ఆగస్టు వానకీ గాలిలో తేమ తేడా చాలా ఎక్కువ. ఎనిమిది అంగుళాల చెక్క ఆ రెండు సీజన్ల మధ్య సుమారు నాలుగు మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతుంది. నాలుగే కదా అనిపిస్తుంది. కానీ వరసగా ఇరవై చెక్కలు సందు లేకుండా కొడితే మొత్తం ఎనిమిది సెంటీమీటర్లు, అదంతా ఎక్కడికి పోవాలి? ముందుకి ఉబ్బాలి, లేదా మొలలు పీక్కోవాలి. ముడుచుకునేటప్పుడు రెండు అంచుల్లో మొలలు గట్టిగా పట్టుకొని ఉంటే చెక్కకి వేరే దారి లేదు, మధ్యలో పగలాల్సిందే.

టార్పాలిన్ సంగతి ఇంకా సిగ్గుచేటు. ఆ అమెరికా వీడియోల్లో పరిచే తెల్ల షీట్ ప్లాస్టిక్ సంచి లాంటిది కాదు. బయటి నీళ్లని ఆపుతుంది గానీ, లోపలి ఆవిరిని బయటికి పోనిస్తుంది. నేను వేసింది అన్నం డబ్బా మూత. చెక్క వెనకాల చేరిన తడికి బయటికి పోయే దారే లేదు. కోడ్ అర్థం కాకుండా కాపీ పేస్ట్ చేస్తే ఏమైతదో సాఫ్ట్‌వేర్‌లో ఉన్నోళ్లకి తెలుసు కదా, సేమ్ అదే.

రెండో గోడకి ముందు నేను చేసిన పని ఒక్కటే. కాక ఇంటికి పోయి "నువ్వు చెప్పు, నేను రాసుకుంటా" అన్నా. ఆయన నవ్వి, ముందు నీ చూరు చూసుకో అన్నాడు. షెడ్డు పై రేకు గోడ దాటి నాలుగు అంగుళాలే ఉంది బయటికి. "గోడకి గొడుగు లేదు, నువ్వు రెయిన్ కోటు గురించి మాట్లాడుతున్నవ్" అన్నాడు. ఆయన చిన్నప్పుడు ఏటూరునాగారం, తాడ్వాయి అడవి ఊళ్లలో పని చేశాడు. అక్కడి పాత కోయ ఇళ్లలో నిలువుగా కర్రలు పాతి, వెదురు అల్లి, మట్టి మెత్తిన గోడలు ఉండేవట. చూరు మాత్రం మనిషి వంగి లోపలికి పోయేంత కిందికి దిగేది. వాన చుక్క గోడని ముట్టుకునేదే కాదన్నాడు. నిలువు కట్టె గోడ అమెరికా నుంచి దిగిందని అనుకున్న నాకు, అది నూరు కిలోమీటర్ల లోపల ఎప్పటి నుంచో ఉందని అప్పుడు తెలిసింది. అందుకే చెక్క కొనక ముందే పైన యాంగిల్ వెల్డింగ్ చేయించి, రేకుని రెండడుగులు బయటికి తెచ్చాం. కెమెరా పైకి తిప్పుతున్నా చూడండి, అదే.

తర్వాత కట్టె. ఈసారి పాత టేకు. వరంగల్, హనుమకొండలో పాత పెంకుటిళ్లు కూల్చి అపార్ట్‌మెంట్లు కడుతున్నారు కదా, ఆ దూలాలు, వాసాలు, తలుపు చెక్కలు పాత కట్టె దుకాణాలకి వస్తాయి. దశాబ్దాలు ఇంట్లో ఉండి ఆరిన కట్టె, అంతకన్నా ఆరినది ఎక్కడ దొరుకుతుంది? కొత్త టేకు కంటే తక్కువకే వస్తుంది. బిల్లు మాత్రం అడిగి తీసుకోండి. టేకు విషయంలో ఫారెస్ట్ వాళ్లు బండి ఆపితే మీ దగ్గర కాగితం ఉండాలి. ఇంకో మాట, కోత మిషన్‌కి తీసుకుపోయే ముందు పాత మొలలన్నీ పీకాలి. మేము స్పీకర్‌లో నుంచి తీసిన అయస్కాంతం దారానికి కట్టి దూలం పొడుగునా తిప్పాం. అయినా ఒకటి మిస్సయింది, మిషన్ ఆయన నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పలేను.

టేకు అనగానే చెద పట్టదు అనుకోవద్దు. చేవకి పట్టదు, అంటే మధ్యలో ముదురు రంగు భాగానికి. అంచున తెల్లగా ఉంటుందే, ఆ భాగానికి నూనె, సత్తువ రెండూ లేవు, చెదలు హాయిగా తింటాయి. మనిషిని తిట్టాలంటే చేవ లేనోడు అంటాం కదా, ఊరికే రాలేదు ఆ మాట. కాక ప్రతి చెక్కనీ తిప్పి చూసి తెల్ల అంచులు కోయించాడు. ఆరు అంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం. వెడల్పు తగ్గితే ఒక్కో చెక్క కదిలేదీ తగ్గుతుంది.

మీలో అందరికీ పాత టేకు దొరకదు, బడ్జెట్ కూడా ఉండదు. వేరే కట్టె వాడితే మందు పట్టించాలి. ఇక్కడ ఒక చిన్న కథ చెప్పాలి, నాకు మస్తు నచ్చిన కథ. ప్రపంచం మొత్తం కరెంటు స్తంభాలకి, కంచె కర్రలకి, ఇంటి వెనక డెక్కులకి పట్టించిన ఒక మందు ఉంది. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన ద్రావణం. రాగి బూజుని చంపుతుంది, ఆర్సెనిక్ పురుగుని చంపుతుంది, క్రోమియం ఆ రెండింటినీ వాన కడిగేయకుండా కట్టెలో పట్టి ఉంచుతుంది. దాన్ని 1933లో డెహ్రాడూన్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో కనిపెట్టింది సొంఠి కామేశం. ఇంటిపేరు వింటేనే తెలుస్తుంది కదా ఎవరో. డాలస్‌లో మా అక్క వాళ్ల ఇంటి వెనకాల పాత డెక్ ఉంటే, ఆకుపచ్చ రంగు చాయ ఉంటే, అది కామేశం గారి మందే అయి ఉండొచ్చు. అయితే ఆర్సెనిక్ విషం. అందుకే అమెరికాలో 2003 చివరి నుంచి ఇళ్ల వాడకానికి అట్లాంటి కట్టె తయారీ ఆపేశారు, ఆర్సెనిక్ లేని రాగి మందులకి మారారు. మీరు మందు పట్టిన కట్టె కొంటే ఏ మందో అడగండి. ముఖ్యంగా దాని ముక్కల్ని పొయ్యిలో పెట్టొద్దు, పొగలో, బూడిదలో ఆ విషం ఉంటుంది. మా అమ్మ మామిడి చెక్కలు కాల్చింది కాబట్టి సరిపోయింది, అవి మందు లేనివి.

బోరాక్స్ కలిపి బ్రష్‌తో పూస్తే చాలు అని కొందరు చెప్తారు. ఇంటి లోపలి కట్టెకి మంచిదే. వాన తగిలే గోడకైతే నీళ్లతో పాటే కడుక్కుపోతుంది. ఇంకా ఊళ్లలో బండి పాత ఇంజన్ ఆయిల్ పూస్తారు, దయచేసి వద్దు. చేతులకి, ఊపిరికి మంచిది కాదు, పైగా వైండింగ్ షెడ్డుకి నిప్పు రాజేసే వస్తువు పూసినట్టే.

ఇప్పుడు ఫిట్టింగ్. చెక్క నిలువుగా ఉండాలంటే దాన్ని పట్టుకునే రీపర్లు అడ్డంగా ఉండాలి. కానీ అడ్డ రీపర్ చెక్క వెనకాల జారే నీళ్లని, పైకి పోయే గాలిని ఆపేస్తుంది. మామూలు గోడకైతే ముందు నిలువు పట్టీలు కొట్టి వాటి మీద అడ్డ రీపర్లు కొట్టాలి, డబుల్ ఖర్చు. మాకు అదృష్టం ఏంటంటే రేకుకి నిలువు ముడతలు ఉన్నాయి. ముడతల గట్ల మీద రీపర్ కూర్చుంటే, వెనక పల్లాలన్నీ వాటంతట అవే నిలువు గొట్టాలు అయిపోతాయి. టార్పాలిన్ లేదు, ఏమీ లేదు. కింద నుంచి గాలి దూరి, వేడెక్కి, పైన చూరు కింద నుంచి పోతుంది. ఈ గోడలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే, దానికి ఒక్క రూపాయి పెట్టలేదు. రీపర్లు రెండడుగులకి ఒకటి, పై అంచు కొంచెం బయటికి వాలుగా రందా కొట్టాం, నీళ్లు నిలవకుండా.

మొదటి చెక్కకి దారానికి గుండు కట్టి వేలాడదీసి నిలువు చూసుకోండి. షెడ్డు మూల నిలువుగానే ఉందిలే అని దాన్ని బట్టి మొదలుపెట్టొద్దు. మా షెడ్డు మూల ఎనిమిది అడుగుల్లో ముప్పావు అంగుళం వాలింది. దాన్నే నమ్ముకుంటే అన్ని చెక్కలూ అటే ఒరిగిపోయేవి.

చెక్కకీ చెక్కకీ మధ్య సుమారు అర అంగుళం సందు. ప్రతి రీపర్ దగ్గరా చెక్క వెడల్పు మధ్యలో ఒక్కటే స్క్రూ. ఒక్కటే. అప్పుడు రెండు అంచులూ ఫ్రీగా కదులుతాయి. సందు మీద రెండు అంగుళాల పట్టీ, దాని స్క్రూ సందులో నుంచి నేరుగా రీపర్‌లోకి దిగాలి, పక్క చెక్కకి తగలొద్దు. పట్టీ రెండు చెక్కల అంచుల మీద కూర్చుంటుంది గానీ వాటిని మేకుతో కట్టేయదు. వానాకాలం చెక్క ఉబ్బి పట్టీ కిందికి జరుగుతుంది, ఎండాకాలం వెనక్కి పోతుంది, బయటికి ఏమీ కనిపించదు. కాక దీన్ని ఒక్క ముక్కలో చెప్పాడు: "పట్టుకో, బిగియ్యకు." స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్ తీసుకోండి. మామూలు ఇనుపవి టేకు మీద నల్ల కన్నీళ్లు కారుస్తాయి. ముందు డ్రిల్‌తో రంధ్రం చేసి తర్వాత బిగించండి, ఆరిన టేకు పగులుతుంది.

కింద నేలకి ఎనిమిది అంగుళాల ఎత్తులో చెక్క ఆపేశాం. వాన చుక్క నేల మీద పడి ఎగిరి చిల్లినా అందదు, చెదలు వస్తే వాటి మట్టి దారి కంటికి కనపడుతుంది, చీపురుతో గీకేయొచ్చు. బాపు వారానికోసారి టార్చ్ పట్టుకొని వంగి చూస్తాడు, ఇప్పుడది ఆయన డ్యూటీ. ఎలుకలకి, తేళ్లకి సన్న జాలీ పెట్టాం. చెక్క కింది అంచు వెనక్కి వాలుగా కోసి ఉంటుంది, దగ్గరగా చూపిస్తా ఆగండి. ఇట్లా. నీళ్లు ముందు మొనకి వచ్చి టప్‌మని రాలతాయి, వెనక్కి పాకవు. కోసిన తలలు చాలా ముఖ్యం, కట్టె నీళ్లు తాగేది ఎక్కువ అక్కడి నుంచే. నిలువు చెక్కకి ఆ తల కిందే వేలాడుతుంటుంది. అందుకే బిగించక ముందే తలలకి అవిసె నూనె మూడు సార్లు పట్టించాం, మిగతా చెక్కకి ముందూ వెనకా రెండు సార్లు.

ఆ నూనె గుడ్డలు ఉండచుట్టి మూలకి పడేయొద్దు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, గుడ్డ ఉండలో ఆ వేడి బయటికి పోలేక దానంతట అదే అంటుకుంటుంది. నిజంగా. విప్పి ఒక్కొక్కటి తీగ మీద ఆరేయండి, లేదా నీళ్ల బకెట్లో వేయండి.

నిప్పు అంటే గుర్తొచ్చింది. వార్నిష్ వాడే షెడ్డుకి చెక్క ఎట్లా కొడతావ్ అని ఒకాయన కోపంగానే రాశారు, న్యాయమైన కోపం. చెక్క బయటి వైపు మాత్రమే ఉంది, మధ్యలో రేకు ఉంది. వార్నిష్ ముంచడం, ఆరబెట్టడం, టంకం పెట్టడం మొత్తం తూర్పు వైపు చెక్క లేని దిక్కుకి మార్చాం, తలుపు దగ్గర సిలిండర్ పెట్టాం, మంట ఆర్పేది. అయినా రిస్క్ జీరో అని నేను చెప్పను. మీది వెల్డింగ్ షెడ్డు అయితే చెక్క వద్దు, ఇటుక గోడో, ఇంకో రేకో అడ్డం పెట్టుకోండి.

రిజల్ట్ సంగతి. 2024 ఫిబ్రవరిలో కట్టాం. ఆ మేలో, బయట మళ్లీ 43 ఉన్న రోజు, మూడింటికి అదే రేకు, అదే థర్మామీటర్: 45. ముందు 59. గోడ పని అయిపోయింది గానీ షెడ్డు చల్లబడిపోయిందని కాదు. పైకప్పు రేకు ఇంకా కాలుతూనే ఉంది కదా. దానికి తర్వాత తెల్ల కూల్ రూఫ్ పెయింట్ వేశాం. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, దాని మీద వేరే ఎపిసోడ్ చేస్తా. నిజం చెప్పాలంటే డబ్బులు తక్కువుంటే ముందు పైకప్పుకి పెయింట్ వేసుకోండి, గోడ తర్వాత. నేను ఉల్టా చేశా, గోడ వీడియోలో అందంగా కనిపిస్తుందని.

ఖర్చు రెండోసారి 46 వేలు, చూరు వెల్డింగ్‌తో కలిపి. మొదటి 31 కూడా కలిపితే 77. అమ్మ చిట్టీ డబ్బులు నెలకి కొంత కొంత ఇచ్చేశా. గోడ ఇప్పటికి రెండు వానాకాలాలు చూసింది. ఒక్క చెక్క పగలలేదు, రెండు పట్టీలు కొంచెం మెలి తిరిగాయి, అవి మార్చాలి. టేకు రంగు పోయి బూడిద రంగుకి వస్తోంది. నూనె మళ్లీ పూద్దామంటే బాపు వద్దన్నాడు. "నా జుట్టు లెక్కనే ఉంది, ఉండనియ్" అన్నాడు.

మొన్న ఒక రైతు మోటార్ దించుకుంటూ గోడకి చెయ్యి పెట్టి, మళ్లీ అరచేయి పెట్టి చూసి, "కాల్తలేదు గదా అన్నా" అన్నాడు. బాపు తల ఎత్తకుండానే "మా పెద్దోడు కట్టిండు" అన్నాడు. వెనకాల కాక కూర్చొని ఉన్నాడు. చాయ్ గ్లాస్ కింద పెట్టి నా దిక్కు చూశాడు. నేను వెంటనే కాక కట్టిండు, నేను స్క్రూలు అందించిన అన్నా.

కొలతలు, రీపర్ దూరాలు, స్క్రూ సైజులు ఒక ఫోటోలో పెట్టి కింద ఇస్తున్నా, స్క్రీన్‌షాట్ తీసుకోండి. మీ దిక్కు ఏ కట్టె దొరుకుతుంది, ఎట్లా నిలబడుతోంది, కామెంట్‌లో రాయండి. ముఖ్యంగా నల్లమద్ది వాడినోళ్లు ఉంటే, మీ మాట నాకు కావాలి. వచ్చే వారం కూల్ రూఫ్ పెయింట్. ఉంటా మరి.